పదహారేళ్లకే ఓటు హక్కు ఇవ్వవచ్చా?

టీనేజ్ పిల్లలకు ఓటు హక్కు ఇవ్వాలా, ఆ వయస్సులో వారికి రాజకీయాలు అర్థమవుతాయా, ఇంట్లో పెద్దలు చెప్పినవారికే ఓటు వేసి రారా అని మీరు అడిగారు. నేను పాతికేళ్లకు పైగా రాజనీతిశాస్త్రం బోధించాను, పలుమార్లు పోలింగ్ విధులు కూడా నిర్వర్తించాను. ఆ అనుభవంతో నా జవాబు ముందే చెప్పేసి, కారణాల్లోకి తర్వాత వెళ్తాను. పదహారేళ్లు నిండినవారికి ఓటు ఇవ్వడం సబబేనని, పద్నాలుగు, పదిహేనేళ్ల వారికి ఇవ్వడం తొందరపాటు అవుతుందని నా అభిప్రాయం. అయితే ఈ కాలపు పిల్లలు మనకంటే తెలివైనవారన్న నమ్మకంతో నేను ఈ మాట చెప్పడం లేదు. ఆ వాదన మీద నాకు పెద్దగా గురి లేదు.

టీనేజ్ అంటే పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ల దాకా ఉండే వయస్సు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల వారు చాలా దేశాల్లో ఇప్పటికే ఓటు వేస్తున్నారు కనుక మీ ప్రశ్నలో కొంత భాగం ఎప్పుడో తేలిపోయింది. అలా తేలడం కూడా మరీ పాత సంగతి కాదు. బ్రిటన్ 1969లో చట్టం చేసి ఓటు వయస్సును 21 నుంచి 18కి తగ్గించింది. వియత్నాం యుద్ధానికి పద్దెనిమిదేళ్ల కుర్రవాళ్లను నిర్బంధంగా పంపుతూ ఓటు మాత్రం ఇవ్వకపోవడం ఏం న్యాయమన్న నిరసన పెరిగి, అమెరికాలో 1971లో 26వ రాజ్యాంగ సవరణ వచ్చింది. భారతదేశంలో 61వ రాజ్యాంగ సవరణ 1989 మార్చిలో అమలులోకి వచ్చేదాకా ఓటు వయస్సు 21 ఏళ్లే. జపాన్‌లో 2016 దాకా 20 ఏళ్లు నిండాల్సి వచ్చేది. మలేషియా పార్లమెంటు 21ని 18 చేయడానికి 2019లో ఒప్పుకుంది. ఇన్ని చోట్లా అప్పట్లో వినిపించిన అభ్యంతరాలు దాదాపు ఒక్కటే: అనుభవం లేదు, ఆవేశం ఎక్కువ, ఎవరు మాయమాటలు చెప్పినా నమ్ముతారు. ఇప్పుడు పదహారేళ్ల వారి గురించి వింటున్నవీ అవే మాటలు. అప్పటి భయాలు నిజం కాలేదు కనుక ఇప్పటివీ నిజం కావని నేను వాదించను, అలా వాదిస్తే చివరికి ఐదేళ్ల పిల్లవాడి దాకా పోవలసి వస్తుంది. (డేవిడ్ రన్సిమన్ అనే కేంబ్రిడ్జి ఆచార్యుడు 2018లో ఆరేళ్లకే ఓటు ఇవ్వాలని నిజంగానే ప్రతిపాదించాడు. ఆయనను వెటకారం చేసినవారు చాలామందే గానీ, ఆయన తర్కంలో లోపం ఎక్కడుందో చూపించడం మాత్రం అంత తేలిక కాదు.)

పదహారేళ్లకే ఓటు ఇచ్చిన దేశాలు ఇప్పుడు చెప్పుకోదగినన్ని ఉన్నాయి. బ్రెజిల్ 1988 నాటి రాజ్యాంగంతోనే ఇచ్చింది. అక్కడ 18 నుంచి 70 ఏళ్ల లోపు అక్షరాస్యులకు ఓటు వేయడం తప్పనిసరి, 16, 17 ఏళ్ల వారికి మాత్రం ఐచ్ఛికం. ఆస్ట్రియా 2007లో, ఈక్వెడార్ 2008లో, అర్జెంటీనా 2012లో, మాల్టా 2018లో అదే దారి పట్టాయి. జర్మనీలో లోయర్ శాక్సనీ రాష్ట్రం 1996లో స్థానిక ఎన్నికలతో మొదలుపెట్టగా, 2024 నాటికి యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో దేశమంతటా పదహారేళ్ల వారు ఓటు వేశారు. గ్రీస్, ఇండోనేషియాలలో 17 ఏళ్లు. బ్రిటన్ ప్రభుత్వం సార్వత్రిక ఎన్నికలకు కూడా 16 ఏళ్లనే తీసుకువస్తామని 2025 జులైలో ప్రకటించింది. అయితే ఈ జాబితా చూసి, ఓటు వయస్సు తగ్గిన కొద్దీ ప్రజాస్వామ్యం బలపడిందని అనుకోకూడదు. క్యూబాలో కూడా పదహారేళ్లకే ఓటు ఉంది. ఇరాన్‌లో ఒకప్పుడు పదిహేనేళ్లకే ఉండేది, 2007లో దాన్ని 18కి పెంచారు. ఓటు ఎవరికి ఉందన్నది ఒక ప్రశ్న, ఆ ఓటుతో ఏదైనా మారుతుందా అన్నది వేరే ప్రశ్న.

ఇక పరిణతి సంగతి. మెదడు ఇరవై ఐదేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది కనుక పదహారేళ్ల వారికి ఓటు ఇవ్వరాదని చాలామంది అంటారు. మెదడు ఎదుగుదల గురించిన మాట నిజమే, దాని నుంచి తీసిన నిర్ణయం మాత్రం నిలవదు. దాన్నే పట్టుకుంటే ఇరవై రెండేళ్ల వారి ఓటు కూడా లాగేసుకోవాలి. కౌమారంలో నిర్ణయాలు తీసుకునే తీరు మీద చాలాకాలం పరిశోధన చేసిన లారెన్స్ స్టైన్‌బర్గ్ ఇక్కడ పనికివచ్చే ఒక తేడాను చూపించాడు. తీరికగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, సమాచారాన్ని బేరీజు వేసుకుని ఆలోచించే శక్తి సుమారు పదహారేళ్లకే పెద్దవారి స్థాయికి చేరుతుంది. స్నేహితుల సమక్షంలో, ఉద్రేకంలో, క్షణాల్లో నిర్ణయించుకోవలసి వచ్చినప్పుడు నిగ్రహించుకునే శక్తికి మాత్రం ఇంకా కొన్నేళ్లు పడుతుంది. వాహనం నడపడానికి, మత్తు పానీయాలకు దూరంగా ఉండడానికి కావలసింది ఆ రెండో శక్తి. ఓటుకు కావలసింది ఎక్కువగా మొదటిదే. ప్రచారం వారాల తరబడి సాగుతుంది, ఓటరు మాత్రం తెర చాటున ఒంటరిగా నిలబడి ఓటు వేస్తాడు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. తెర చాటున నిలబడింది ఒక్క నిమిషమే, అభిప్రాయం ఏర్పడింది మాత్రం అంతకుముందు నెలల తరబడి ఫోన్ చూస్తూ, తోటివారి మధ్య, వెక్కిరింతల మధ్య, రెచ్చగొట్టే వీడియోల మధ్య కదా అని అడగవచ్చు. ఇది నిజమే. కాకపోతే ఆ ఫోనే నలభై ఏళ్లవారి చేతిలోనూ, డెబ్భై ఏళ్లవారి చేతిలోనూ ఉంది. వాట్సాప్‌లో వచ్చిన అబద్ధాన్ని వెనకాముందు చూడకుండా నలుగురికీ పంపేవారిలో నేను చూసినంతలో పెద్దవారే ఎక్కువ. ఇది శాస్త్రీయమైన లెక్క కాదు, నా చుట్టూ చూసిన సంగతి మాత్రమే.

అసలు పరిణతిని కొలమానంగా పెట్టుకోవడమే నాకు ఇబ్బందిగా తోస్తుంది. పద్దెనిమిదేళ్లు దాటినవారి దగ్గర మనం పరిణతికి రుజువు అడగడం లేదు. చదువు అడగము, బడ్జెట్ అంటే ఏమిటో తెలుసా అని అడగము, అడగకూడదు కూడా. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో చదువు పరీక్షల పేరిట నల్లజాతివారిని ఏళ్ల తరబడి ఓటుకు దూరంగా ఉంచిన చరిత్ర ఉంది. 1965 నాటి ఓటు హక్కుల చట్టం వచ్చాకే ఆ పరీక్షలకు అడ్డుకట్ట పడడం మొదలైంది. అర్హత పరీక్ష పెట్టే అధికారం ఎవరి చేతిలో ఉంటే, తమకు గిట్టనివారిని తప్పించే అధికారం కూడా వారి చేతిలోనే ఉంటుంది. అందుకే ప్రజాస్వామ్యాలు వయస్సు అనే మొరటు గీతతో సరిపెట్టుకున్నాయి. గీత మొరటుదే అయినప్పుడు, దానికి ఇవతల ఉన్నవారిని మాత్రం సన్నని జల్లెడతో జల్లించబోవడం సరి కాదు.

అయితే గీత ఎక్కడ గీయాలి? ఈ చర్చలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది, అందరూ తేలికగా దాటిపోయేది ఒక చిన్న లెక్క. ఓటు వయస్సు 18 అంటే మొదటి ఓటు పద్దెనిమిదో ఏట పడుతుందని మనం అనుకుంటాం. ఎన్నికలు ఐదేళ్లకు ఒకసారి జరిగే చోట అలా జరగదు. ఎన్నికల నాటికి సరిగ్గా పద్దెనిమిదేళ్లు నిండినవారు అప్పుడే ఓటు వేస్తారు. నెల రోజుల తేడాతో తప్పిపోయినవారికి మళ్లీ అవకాశం వచ్చేసరికి దాదాపు 23 ఏళ్లు వస్తాయి. పుట్టినరోజులు ఏడాది పొడవునా సమానంగా పరుచుకుని ఉంటాయనుకుంటే, మొదటి జాతీయ ఓటు పడే సగటు వయస్సు ఇరవైన్నర ఏళ్లు. ఓటు వయస్సును 16కి తెస్తే అదే సగటు పద్దెనిమిదిన్నర అవుతుంది. అంటే మనం పద్దెనిమిదేళ్ల వారికి ఇచ్చామని చెప్పుకుంటున్న హక్కు వారిలో ఎక్కువమంది చేతికి నిజంగా పద్దెనిమిదేళ్ల ప్రాంతంలో అందాలంటే, చట్టంలో 16 అని రాయాలి. ఆస్ట్రియా 2007లో ఓటు వయస్సును తగ్గించిన సంస్కరణలోనే పార్లమెంటు కాలపరిమితిని నాలుగేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. ఆ రెండు మార్పులూ ఒకదానికొకటి తోడుగా ఉన్నాయని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. కాలపరిమితిని పెంచితే మొదటి ఓటు ఇంకా వెనక్కి పోతుంది, ఓటు వయస్సు తగ్గింపు దాన్ని ముందుకు లాగింది.

మొదటి ఓటు ఇరవయ్యో ఏట పడితే ఏం నష్టమని అడగవచ్చు. నష్టం ఏమిటంటే, పద్దెనిమిది నుంచి ఇరవై రెండేళ్ల మధ్య కాలం జీవితంలో అన్నిటికంటే నిలకడ లేని కాలం. చదువుకో ఉద్యోగానికో ఊరు విడుస్తారు, అద్దె గదుల్లో ఉంటారు, ఓటర్ల జాబితాలో పేరు ఒకచోట, మనిషి మరొకచోట. పక్కింటివారు ఎవరో తెలియదు, ఆ ప్రాంతం సమస్యలు తమవనిపించవు. మార్క్ ఫ్రాంక్లిన్ అనే రాజనీతిశాస్త్రవేత్త చాలా దేశాల పోలింగ్ లెక్కలను పరిశీలించి, 1970ల ప్రాంతంలో ఓటు వయస్సును 18కి తగ్గించడం వల్ల తర్వాతి దశాబ్దాల్లో పోలింగ్ శాతం తగ్గిందని వాదించాడు. వినడానికి ఇది ఓటు వయస్సు తగ్గింపునకు వ్యతిరేకంగా ఉన్నట్టు ఉంటుంది. కానీ ఆయన చెప్పిన కారణం వేరు. 18 మరీ చిన్న వయస్సు అని కాదు, అది తప్పు సమయం అన్నాడు. సరిగ్గా ఇల్లు విడిచే వేళకు మొదటి ఎన్నిక ఎదురవుతుంది కనుక చాలామంది వేయరు. మొదటిసారి వేయనివారు రెండోసారి కూడా వేయకపోవడం అలవాటుగా మారుతుంది.

జపాన్ అనుభవం దీనికి చక్కని సాక్ష్యం. ఓటు వయస్సు 18కి తగ్గాక 2016 జులైలో జరిగిన ఎగువ సభ ఎన్నికల్లో పద్దెనిమిదేళ్ల వారిలో సుమారు 51 శాతం మంది ఓటు వేస్తే, పంతొమ్మిదేళ్ల వారిలో 42 శాతం మందే వేశారు. ఒక్క ఏడాది పెద్దవారైనంత మాత్రాన బాధ్యత తొమ్మిది శాతం తగ్గిపోదు కదా. పద్దెనిమిదేళ్ల వారిలో చాలామంది ఇంకా బడిలో, అమ్మానాన్నల దగ్గరే ఉన్నారు. పంతొమ్మిదేళ్ల వారు ఊరు మారారు. డెన్మార్క్‌లో ఓటర్ల రికార్డులను నేరుగా పరిశీలించిన పరిశోధకులకు కూడా ఇదే కనిపించింది: పద్దెనిమిదేళ్లు అప్పుడే నిండినవారు, వారికంటే ఏడాది రెండేళ్లు పెద్దవారి కంటే ఎక్కువ సంఖ్యలో ఓటు వేస్తున్నారు.

స్కాట్లాండ్‌లో స్వాతంత్ర్యం మీద 2014 సెప్టెంబరులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో పదహారేళ్ల వారికి తొలిసారి ఓటు ఇచ్చారు. ఆ తర్వాత ఎన్నికల సంఘం చేయించిన సర్వేలో 16, 17 ఏళ్ల వారిలో 75 శాతం మంది ఓటు వేశామని చెప్పగా, 18 నుంచి 24 ఏళ్ల వారిలో అలా చెప్పినవారు 54 శాతమే. ఓటు వేశామని చెప్పేవారందరూ వేసి ఉండరు, సర్వేల్లో ఈ అంకె ఎప్పుడూ కొంత ఉబ్బి ఉంటుంది. అయినా రెండు వర్గాలకూ అదే ఉబ్బు ఉంటుంది కనుక తేడా మాత్రం గట్టిదే. అలా పదహారేళ్లకే మొదలుపెట్టినవారు ఇరవైల్లోకి వచ్చాక కూడా తమ ముందు తరం వారి కంటే మెరుగ్గా ఓటు వేస్తున్నారని ఆ తర్వాతి పరిశోధనలు చెప్పాయి. స్కాట్లాండ్ పార్లమెంటు ఎన్నికలకు, స్థానిక ఎన్నికలకు 2015లో ఈ హక్కును శాశ్వతం చేసినప్పుడు, అంతకుముందు వద్దన్న పార్టీవారు కూడా అనుకూలంగా ఓటు వేశారు.

అమ్మానాన్నలు చెప్పినవారికే వేస్తారన్న మీ అనుమానం సహజమే. అదే స్కాట్లాండ్‌లో ప్రజాభిప్రాయ సేకరణకు ముందు జరిపిన సర్వేలో పిల్లలతో పాటు తల్లిదండ్రులలో ఒకరిని కూడా అడిగారు. నలభై శాతానికి పైగా పిల్లల ఉద్దేశం ఆ తల్లి లేదా తండ్రి ఉద్దేశంతో కలవలేదు. మిగిలినవారి అభిప్రాయం కలిసినంత మాత్రాన అది అరువు తెచ్చుకున్నది కానక్కరలేదు. నలభై ఏళ్ల మనిషి కూడా తండ్రి వేసిన పార్టీకే వేస్తూ వస్తే దాన్ని మనం కుటుంబ సంప్రదాయం అంటాం తప్ప, ఓటు తీసేయాలని అనం. స్త్రీలకు ఓటు హక్కు ఇవ్వరాదన్నవారు కూడా భార్య భర్త చెప్పినవారికే వేస్తుందని, అంటే భర్తకు రెండు ఓట్లు ఇచ్చినట్టేనని వాదించేవారు. ఒత్తిడికి విరుగుడు రహస్య ఓటు. తరగతిలో నేను నమూనా ఎన్నిక పెట్టినప్పుడల్లా పిల్లలు ఎవరు నిలబడుతున్నారని అడగడానికి ముందు, ఎవరికి వేశామో నిజంగా ఎవరికీ తెలియదా అని అడిగేవారు. ఆ ప్రశ్నలో వారి భయం ఎంత ఉందో వారి స్వతంత్రత కూడా అంత ఉందని నాకు తోచేది.

ఓటు వయస్సు తగ్గించాలనేవారు చెప్పే వాదనలన్నీ బలమైనవి కావు. పన్ను కడుతున్నారు కనుక ఓటు ఇవ్వాలన్నది అందులో ఒకటి. ఏదైనా వస్తువు కొంటే ఎనిమిదేళ్ల పిల్ల కూడా పన్ను కట్టినట్టే, విదేశీ పర్యాటకుడూ కట్టినట్టే. ఓటును పన్నుకు ముడిపెడితే, పన్ను కట్టలేనివారి ఓటు ప్రశ్నార్థకమవుతుంది. అది చాలా ప్రమాదకరమైన ముడి. అవతలి పక్షంవారు చెప్పే మాటల్లోనూ ఇలాంటిది ఒకటుంది: పదహారేళ్లకు పెళ్లి చేసుకోనివ్వము, మత్తు పానీయం కొననివ్వము, ఒప్పందం మీద సంతకం చేయనివ్వము, మరి ఓటు ఎలా ఇస్తాము అని. ఆ నిషేధాలన్నీ పిల్లలను హాని నుంచి కాపాడడానికి పెట్టినవి. ఓటు వేసినందువల్ల వేసినవారికి కలిగే హాని ఏమిటో ఎవరూ చెప్పలేరు. ఓటు ఇస్తే పదవి కూడా ఇవ్వాలా అంటే, ఆ రెండింటికీ వేర్వేరు వయస్సులు ఎప్పటి నుంచో ఉన్నాయి. భారతదేశంలో ఓటుకు 18 ఏళ్లు, లోక్‌సభకు పోటీ చేయడానికి 25 ఏళ్లు. న్యూజిలాండ్ సుప్రీంకోర్టు 2022 నవంబరులో, ఓటు వయస్సు 18గా ఉండడం వయోవివక్ష నుంచి రక్షించే హక్కుకు విరుద్ధమని, ఆ తేడాకు ప్రభుత్వం తగిన సమర్థన చూపలేదని ప్రకటించింది. అయినా మార్పు పార్లమెంటు చేతిలోనే ఉంది, అక్కడ వయస్సు ఇంకా 18గానే ఉంది.

పార్టీలు ఈ విషయంలో ఎందుకు అటూ ఇటూ నిలబడతాయో కూడా చెప్పాలి. కుర్రవాళ్లంతా ఒకవైపే వేస్తారని లెక్కగట్టి కొందరు కావాలంటారు, అదే లెక్కతో మరికొందరు వద్దంటారు. జర్మనీలో 2024 యూరోపియన్ ఎన్నికలు ఈ రెండు లెక్కలనూ తలకిందులు చేశాయి. ఓటు వయస్సు తగ్గించాలని ఏళ్ల తరబడి కోరిన గ్రీన్స్ పార్టీకి ఇరవై ఐదేళ్ల లోపు వారిలో మద్దతు అంతకుముందు ఎన్నికతో పోలిస్తే దాదాపు మూడో వంతుకు పడిపోయింది, తీవ్ర కుడిపక్ష పార్టీ ఏఎఫ్‌డీకి బాగా పెరిగింది. అయినా రెండేళ్ల వయస్సు వర్గం మొత్తం ఓటర్లలో ఎంత? సగటున డెబ్భై ఐదేళ్లు బతుకుతారనుకుంటే ఓటర్లు యాభై ఏడు వయస్సుల వారు, వారికి మరో రెండు వయస్సుల వారు తోడవుతారు. నూటికి మూడో నాలుగో ఓట్లు. ఏదైనా ఒక నియోజకవర్గంలో అది ఫలితాన్ని మార్చవచ్చు గానీ, దేశాన్ని ఒక ఒడ్డు నుంచి మరో ఒడ్డుకు తీసుకుపోదు.

నాకున్న సందేహాలు వేరేచోట ఉన్నాయి. ఓటు బడి దాకా వస్తే పార్టీలు కూడా బడి దాకా వస్తాయి. ఉపాధ్యాయుడు ఏ పార్టీ మనిషో పిల్లలకు తెలిసిపోతుంది, ఆయన తరగతిలో అన్న మాటకు బయట అన్న మాట కంటే బరువు ఎక్కువ. నా వృత్తిలోని వారి మీదే నాకు అపనమ్మకం అనుకోకండి; నా అభిప్రాయాన్ని మొహంలో కనపడకుండా ఉంచుకోవడానికి నాకే చాలా ఏళ్లు పట్టింది. అందుకే వయస్సు తగ్గించే చట్టంతో పాటే, బడిలో ప్రచారం మీద నిషేధం, వివాదాస్పద విషయాలను అన్ని వైపుల నుంచీ చెప్పే పాఠ్యప్రణాళిక, దానికి ఉపాధ్యాయులకు శిక్షణ రావాలి. ఆస్ట్రియాలో ఓటు వయస్సు తగ్గింపుతో పాటు పౌరవిద్యను కూడా బలపరిచారు. అక్కడి పరిశోధకులు పరిశీలించినప్పుడు పదహారు, పదిహేడేళ్ల వారు తమ అభిప్రాయాలకు దగ్గరగా ఉన్న పార్టీని ఎంచుకోవడంలో పెద్దవారికంటే వెనుకబడలేదని తేలింది. ఆ తయారీ లేకుండా వయస్సు ఒక్కటే మార్చి ఊరుకుంటే అదే ఫలితం వస్తుందని నేను హామీ ఇవ్వలేను.

రెండో సందేహం ఇంకా పెద్దది. పైన నేను చెప్పిన వాదనంతా బడిలో ఉన్న పిల్లవాడిని దృష్టిలో పెట్టుకుని చెప్పినది. పదహారేళ్లకే చదువు మానేసి పనికి పోతున్నవారికి పాఠం ఎవరు చెబుతారు, జాబితాలో పేరు ఎవరు చేరుస్తారు? కనీస వేతనం, పని గంటలు, వైద్యం గురించి ప్రభుత్వం తీసుకునే నిర్ణయాలు బడిలో ఉన్నవారికంటే ముందు తగిలేది వారికే. నమోదు బడి ద్వారానే జరిగితే ఓటు హక్కు వారిని దాటి పోతుంది. జనన నమోదు ఉన్న ప్రతివారి పేరూ పదహారేళ్లు నిండగానే దానంతట అదే ఓటర్ల జాబితాలో చేరే ఏర్పాటు ఉండాలి, బ్రెజిల్‌లో లాగా వేయడమా మానడమా అన్నది వారి ఇష్టానికి వదలాలి. మీరు ఈ విషయంలో ఎవరికైనా వినతిపత్రం రాయదలిస్తే, వయస్సు అంకె కంటే ముందు ఈ నమోదు సంగతే రాయండి.